తోకల మాస్టారి ఆఖరి ఫోటో

మనిషిని ముఖం చూసి పోల్చుకున్నట్టే తిమింగలాన్ని తోక చూసి పోల్చుకుంటారు. ఈ మాట మొదటిసారి విన్నవాళ్ళంతా నవ్వుతారు. పద్దెనిమిదేళ్ళ కిందట మాస్టారు కూడా నవ్వారు. ఇప్పుడాయనకి నవ్వే ఓపిక లేదు. అరవై రెండేళ్ళ నడుముని పడవలో చెక్కబల్ల మీద పెట్టి, వరసగా ఎనిమిది రోజులు, ఎత్తని తోక కోసం కళ్ళు కాయలు కాచేలా చూసిన మనిషికి నవ్వు ఎక్కడినుంచి వస్తుంది చెప్పండి.

మాస్టారు అన్నారు కదా అని బడిపంతులనుకునేరు. కాదు, ఆయనది ఫోటో స్టూడియో. బజారులో బట్టల కొట్టుకీ తాళాలు బాగుచేసే అతనికీ మధ్య ఇరుక్కున్న ఒక గది. గదిలో నీలం తెర, గుండ్రంగా తిరిగే స్టూలు, గోడకి అద్దం, అద్దం పక్కన దారం కట్టి వేలాడదీసిన దువ్వెన. దారం లేకపోతే దువ్వెన కూడా పాస్‌పోర్టు ఫోటోలతోపాటు కవర్లో వెళ్ళిపోయేది. పాతికేళ్ళపాటు ఊరంతా ఆ స్టూలు మీద కూర్చుంది. గడ్డం కొంచెం దించండి, చెవులు రెండూ కనబడాలి, రెప్ప వెయ్యకండి అని చెప్పీ చెప్పీ ఆయన నిద్రలో కూడా అవే పలవరించేవారని ఆయన భార్య చెప్పుకుని నవ్వేది.

తర్వాత ఫోన్లొచ్చాయి, జనం రావడం మానేశారు. స్టూడియోలో సగం జిరాక్సు కొట్టయింది. జిరాక్సు మిషను దగ్గర భార్య కూర్చుంది, మిగిలిన సగంలో మాస్టారు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నారు. సరిగ్గా ఆ రోజుల్లో సముద్రజీవుల ఆఫీసు నుంచి ఒకాయన మూరెడు పొడవున్న లెన్సు పట్టుకొచ్చాడు, లోపల బూజు పట్టింది తుడిచిపెట్టమని. తుడిచిచ్చారు. అది సరిగా పనిచేస్తోందో లేదో చూద్దామని ఆయనతోపాటు పడవెక్కారు. ఎక్కినవాడు మళ్ళీ దిగితే ఒట్టు.

ఆ వేళ ఆయన చూసిందేమిటంటే, తిమింగలం లోతుకి మునిగేముందు తోక నిటారుగా పైకెత్తుతుంది. ఒక్క మూడు నాలుగు సెకన్లు. ఆ తోక అడుగువైపు తెలుపు నలుపు మచ్చలుంటాయి, అంచుల్లో కోతలుంటాయి, ఏ రెండు తోకలూ ఒక్కలా ఉండవు. దాన్ని ఫోటో తీసి నంబరు వేసి పెట్టుకుంటే, పదేళ్ళ తర్వాత వచ్చినా ఇది ఫలానాది అని చెప్పెయ్యొచ్చు. అంటే ఇదీ పాస్‌పోర్టు ఫోటోయే కదా అనుకున్నారు మాస్టారు. చెవుల బదులు అంచులు రెండూ కనబడాలి, అంతే తేడా. "కుడి అంచు పడలేదమ్మా, కొంచెం ఇటు తిరుగు" అని ఆయన పడవలోంచి తిమింగలాలకి గొణిగి చెప్పడం బావమరిది చాలాసార్లు విన్నాడు, విని ఊరంతా చాటాడు. అప్పటినుంచే ఆయన తోకల మాస్టారయ్యారు.

బావమరిది అంటే భార్య తమ్ముడు, పడవ అతనిది. పద్దెనిమిదేళ్ళుగా మాస్టారిని సముద్రం మీదికి తీసుకెళ్తున్నది అతనే. నోరు పెద్దది, మనసు మంచిది, బావంటే ప్రాణం. వీళ్ళిద్దరూ కలిసి మూడువందల పన్నెండు తోకలు పోగేశారు. నీలం తెర పీకేసి ఆ గోడంతా తోకలే అంటించారు. ఇంట్లో మా ఇద్దరి ఫోటో ఒక్కటీ లేదు గానీ గోడ నిండా ఎవరెవరి తోకలో ఉన్నాయి అని భార్య వచ్చినవాళ్ళందరికీ చూపించి దెప్పేది.

ఆ మూడువందల పన్నెండిట్లో ఒకదాన్ని మాస్టారు చిరుగమ్మ అనేవారు. ఎడమ అంచున చేతివేలంత లోతు చిరుగు, దాని పక్కన తెల్లటి మచ్చ. రెండు మూడేళ్ళకోసారి కొత్త పిల్లతో వచ్చేది. ఊరికి ఉత్తరంగా కొండ సముద్రంలోకి చొచ్చుకొచ్చినచోట ఒక వంపు ఉంది, గాలి తగలదు, నీళ్ళు లోతు తక్కువ, అక్కడ ఆగి పిల్లకి పాలిచ్చేది. పద్దెనిమిదేళ్ళలో ఆరుగురు పిల్లలు. ఆరింటినీ మాస్టారు చూశారు. మనిషి ఎవరి బిడ్డల్ని ఎంతవరకు తన బిడ్డలనుకోవచ్చో తెలియదు గానీ, ఆయనకి పిల్లలు లేరన్న సంగతి మాత్రం ఇక్కడ చెప్పుకోవాలి.

ఏడేళ్ళ కిందట ఆ వంపులో ఒక పిల్ల తిమింగలం వీపు మీద వరసగా అయిదు గాట్లు కనబడ్డాయి. లాంచీ ఫ్యాను కోసిన గాట్లు. అవతలి ఒడ్డుకి మనుషుల్ని చేరవేసే లాంచీలు ఆ వంపు మీదుగానే పోతాయి, పిల్ల తిమింగలమేమో నీళ్ళ పైన తేలి నిద్రపోతుంది, తల్లిలా మునిగి ఉండలేదు. ఆ పిల్ల బతకలేదు. ఆ ఫోటో కూడా మాస్టారే తీశారు, కానీ గోడకి పెట్టలేదు. అది చూశాకే ఆఫీసువాళ్ళు వంపు చుట్టూ పసుపు డ్రమ్ములు తేలేలా కట్టారు. డ్రమ్ము మీద ‘నెమ్మది’ అని రాసుంటుంది. అక్కడ లాంచీ మనిషి నడిచినంత వేగంతో పోవాలి. దానికి పన్నెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది.

ఆ పన్నెండు నిమిషాలే జనానికి కంట్లో నలుసయ్యాయి. రోజూ లాంచీలో పోయేవాళ్ళు సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చారు, లాంచీ యజమానులు వెనకనుంచి ఎగదోశారు. ఆఫీసువాళ్ళు తోకల నంబర్లు రాసుకునే పుస్తకం తిరగేసి చూసుకున్నారు. మూడేళ్ళుగా ఆ వంపులో పిల్లతో ఉన్న తల్లి తోక ఫోటో ఒక్కటీ రాలేదు. తల్లులు రావడం మానేశాయేమో, మానేస్తే డ్రమ్ములెందుకు? ఈ నెలాఖరులోగా, పుస్తకంలో నంబరున్న ఒక్క తల్లి తోకైనా పిల్లతోపాటు ఫోటోలో పడాలి. పడకపోతే డ్రమ్ములు తీసేస్తాం అని కాగితం అంటించారు.

తల్లులు రావడం మానలేదు, చిరుగమ్మ వచ్చే ఉంది. మాస్టారు మొదటిరోజే పోల్చుకున్నారు. ఊపిరి వదిలే తీరు, వీపు మీద మూపు వాలే తీరు, అన్నీ ఆయనకి తెలుసు. కానీ ఊపిరికి నంబరుండదు మాస్టారూ అంది ఆఫీసరమ్మ. చిన్న వయసు, మంచి పిల్ల, ఆవిడకీ డ్రమ్ములు ఉండాలనే ఉంది. తోక కావాలి, తోక ఉంటేనే నేనేమైనా చెయ్యగలను అని బతిమాలినట్టే చెప్పింది.

తోక ఎత్తితే కదా. పిల్లకి పాలిచ్చే తల్లి లోతుకి మునగదు, మునగకపోతే తోక ఎత్తదు. కొయ్యదుంగలా తేలుతూ పడుంటుంది. మాస్టారి పేరున పర్మిట్ ఉన్న పడవ ఒక్కటే అక్కడికి పోవచ్చు, అది కూడా రోజుకి అరగంట, మూడువందల మీటర్ల దూరంలో, ఇంజను పూర్తిగా ఆపేసి. ఇంతకుముందు గేరు తీసేసి ఇంజను నడుస్తూ ఉంచినా సరిపోయేది. మూడేళ్ళ కిందట ఆ నియమం మార్చి, తాళంచెవి తిప్పి ఆపెయ్యాల్సిందే అన్నారు. మాస్టారు ఆ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించారు. తాళంచెవి తీసి తన జేబులోనే వేసుకునేవారు.

అప్పటినుంచే తల్లులు తోక ఎత్తడం మానేశాయని ఆయనకి ఒకటి రెండుసార్లు తట్టింది. వయసు మీదపడిందేమో చిరుగమ్మకి కూడా, నాలాగే ఓపిక లేదేమో అనుకుని ఊరుకున్నారు.

ఎనిమిది రోజులు అలాగే గడిచాయి. పొద్దున్నే లేవడం, మోకాళ్ళకి పట్టీలు కట్టుకోవడం, ఆరు కిలోల కెమెరా చంకన వేసుకుని రేవు మెట్లు దిగడం. అరగంట గుడ్లప్పగించి చూడటం, తిరిగి రావడం. ఉప్పుగాలికి పెదవులు పగిలాయి, కుడికన్ను ఎర్రబడింది. ఇంటికొస్తే ఈసురోమని కుర్చీలో కూలబడి, భోజనం ముందు పెట్టుకుని నిద్రపోయేవారు. తోక కోసం తల ప్రాణం తోకకొచ్చింది కదండీ మీకు అని నవ్వించబోయింది భార్య. ఆయన నవ్వలేదు. నవ్వకపోతే ఆవిడకి భయం వేసింది, ఆ సంగతి వెంటనే తమ్ముడికి చెప్పింది.

తొమ్మిదో రోజు. ఆ మర్నాడు గడువు ఆఖరు, ఆఫీసులో కాగితాలివ్వడానికే సరిపోతుంది, కాబట్టి సముద్రం మీద ఇదే చివరి అవకాశం. గాలి లేదు, నీళ్ళు పలకలా ఉన్నాయి. చిరుగమ్మ తేలుతోంది, దాని పక్కన పిల్ల ఒకసారి ఇటు పొర్లి, ఒకసారి అటు పొర్లి ఆడుతోంది. మాస్టారు బల్ల మీద మోచేతులు ఆనించి లెన్సు పట్టుకున్నారు. నడుము నొప్పికి వంగలేక ఆ రోజు తాళంచెవి ఇంజనుకే వదిలేశారు. ఇరవై నిమిషాలయింది, ఇరవై అయిదయింది, ఇరవై ఎనిమిదయింది. ఆయన ఎర్రబడ్డ కన్ను తుడుచుకుని మళ్ళీ లెన్సుకి ఆనించడం వెనకనుంచి బావమరిది చూశాడు.

ఇంజను ఒక్కసారి గుర్రుమంది. ఆ వెంటనే గేరు గడ్‌మని పడింది.

చిరుగమ్మ ఉలిక్కిపడింది. వీపు విల్లులా వంగింది, పిల్లని ఒక పక్కకి నెట్టుకుంటూ మునిగింది, తోక నిటారుగా లేచింది. ఎడమ అంచున చిరుగు, పక్కన తెల్లమచ్చ, అంచులు రెండూ స్పష్టంగా, ఎండ తిన్నగా దాని మీద. మాస్టారి వేలు నొక్కేసింది. పదకొండు ఫోటోలు పడ్డాయి. నిజం చెప్పాలి, ఆ నాలుగు సెకన్లూ ఆయనకి కోపం రాలేదు, సంతోషమే కలిగింది. ఒళ్ళంతా తేలికయింది.

తర్వాత పిల్ల ఒంటరిగా పైకి తేలింది. తల్లి ఎక్కడో దూరంగా, కొండవైపు ఊపిరి వదిలింది. పిల్ల అక్కడే గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది, అటూ ఇటూ, ఏ వైపు పోవాలో తెలియక. మాస్టారు ఇంజను ఆపించారు. చూస్తూ కూర్చోవడం తప్ప చేసేదేమీ లేదు. తల్లి చుట్టు తిరిగి వచ్చి దాన్ని కలుసుకునేసరికి పదకొండు నిమిషాలు పట్టింది. ఆ పదకొండు నిమిషాలూ ఆయన గడియారం చూసుకుంటూనే ఉన్నారు.

బావమరిది మాత్రం సంబరంగా ఉన్నాడు. బాగా పడిందా, అంచులు రెండూ వచ్చాయా అని అడిగాడు. అన్నీ వచ్చాయని మాస్టారు తలూపారు. పడవ వెనక్కి తిప్పించారు. డ్రమ్ములు దాటాక అడిగారు.

"అలా చేస్తే ఎత్తుతుందని నీకెలా తెలుసురా?"

"ఎలా తెలియడమేంటి బావా, ఎప్పుడూ చేసేదేగా."

"ఎప్పుడూ అంటే?"

"పిల్లతో ఉన్నప్పుడల్లా. ఉత్తినే ఎత్తదు కదా అది. నువ్వు కెమెరా ఎత్తగానే చిన్నగా గేరు తగిలించేవాణ్ణి. ఈ మూడేళ్ళే నువ్వు తాళంచెవి జేబులో వేసుకుని కూర్చుంటున్నావు." బావమరిది చుక్కాని పట్టుకునే వెనక్కి తిరిగి చూశాడు. "నీకు తెలుసనుకున్నాను బావా."

మాస్టారు తిట్టడానికి నోరు తెరిచారు గానీ, తిట్టు ఎవరికి తగలాలో తేల్చుకోలేక మూసుకున్నారు. రేవు వచ్చేదాకా కెమెరా ఒళ్ళో పెట్టుకుని నీళ్ళవైపు చూస్తూ కూర్చున్నారు.

ఇంటికొచ్చి తిన్నగా గోడ దగ్గర నిలబడ్డారు. పిల్లతో ఉన్న తల్లుల తోకలు లెక్కపెట్టారు, నలభై ఒకటి. మిగిలినవి వాటంతట అవే లోతుకి మునిగినప్పుడు తీసినవి, వాటితో గొడవ లేదు. ఈ నలభై ఒకటీ తరిమితే లేచిన తోకలు. అందులో చిరుగమ్మవి ఆరు. ఆయన ఎవరికి చూపించి మురిసిపోయినా ఈ నలభై ఒకటే చూపించేవారు, ఇవే బాగా వచ్చాయని. నిజమే, బాగానే వచ్చాయి. భయపడ్డ తిమింగలం తోక బాగా నిటారుగా లేస్తుంది.

భార్య జిరాక్సు మిషను ఆపేసి వచ్చింది. జరిగిందంతా చెప్పారు. తమ్ముణ్ణి వెనకేసుకొస్తుందనుకున్నారు మాస్టారు. ఆవిడ వెనకేసుకురాలేదు, తప్పని కూడా అనలేదు.

"ఇన్నేళ్ళూ ఆ గేరు చప్పుడు మీకు వినబడలేదా?" అని అడిగింది.

వినబడకేం, వినబడింది. పక్కనే కూర్చున్న మనిషికి ఇంజను చప్పుడు వినబడకుండా ఉంటుందా? వాడు తిమింగలం మునగబోతోందని ముందే కనిపెట్టి పడవ సర్దుకుంటున్నాడు, గట్టివాడు అని మాస్టారు తనకి తాను చెప్పుకున్నారు. ఒకటి రెండుసార్లు వాడి భుజం తట్టారు కూడా. తట్టినప్పుడు వాడేమనుకుని ఉంటాడో ఇప్పుడు తెలిసింది. ఇదంతా తల దించుకుని భార్యకి చెప్పారు. ఆవిడ మంచినీళ్ళు తెచ్చిచ్చి పక్కన కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళారు. రెండో అంతస్తు, లిఫ్టు పాడై ఏడాదవుతోంది. మోకాళ్ళు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కారు. ఆఫీసరమ్మ కంప్యూటరులో ఫోటో తెరిచి చూడగానే కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది. చిరుగు, మచ్చ, పక్కన నీళ్ళలో పిల్ల వీపు, వెనక కొండ, అన్నీ ఒకే ఫోటోలో ఉన్నాయి. ఇంక డ్రమ్ముల జోలికి ఎవరొస్తారో చూస్తానంది. ఫారం తీసి చకచకా నింపుతూ ఒకచోట ఆగింది.

అక్కడ ఒక ప్రశ్న ఉంటుంది. ఫోటో తీసేటప్పుడు పడవ వల్ల జంతువు బెదిరిందా, అవునా కాదా? అవునని రాస్తే ఆ ఫోటో పుస్తకంలోకి ఎక్కదు. బెదరగొట్టి తీసిన ఫోటోలు చెల్లవని నియమం.

ఆఫీసరమ్మ పెన్ను పట్టుకుని ఆయన ముఖంలోకి చూసింది. ఏం జరిగిందో ఆవిడకి అర్థమయినట్టే ఉంది. "ఖాళీగా వదిలెయ్యండి మాస్టారూ. ఇన్నేళ్ళూ మీరెప్పుడూ అది నింపలేదు" అంది మెల్లిగా. ఆ మాటలో దెప్పడమేమీ లేదు. పైగా అది నిజం. తెలియని ప్రశ్నకి జవాబెందుకని ఆయన ఆ గడి ఎప్పుడూ వదిలేసేవారు.

మాస్టారు కాసేపు బయట బల్ల మీద కూర్చుంటానన్నారు. వరండాలో కూర్చుని మిషను టీ తెచ్చుకున్నారు. ఖాళీగా వదిలితే డ్రమ్ములుంటాయి, చిరుగమ్మ ఉంటుంది, పిల్ల ఉంటుంది. ఇంకో రెండేళ్ళకి మళ్ళీ తోక కావాలంటారు, మళ్ళీ ఎవడో ఒకడు గేరు వేస్తాడు. అవునని రాస్తే సోమవారం డ్రమ్ములు తీసేస్తారు. మంగళవారం నుంచి లాంచీలు పిల్ల మీదుగా పోతాయి. ఆయనకి ఆ రెండిట్లో ఏదీ రాయాలని లేదు. ఎవరైనా వచ్చి ఈ బరువు దించి, నువ్వెళ్ళి పడుకోవయ్యా అంటే బాగుండునని మాత్రం ఉంది. అలిసిపోయారు పాపం, ఒళ్ళే కాదు, మనసు కూడా. టీ చల్లారిపోయింది.

చల్లారిన టీ తాగుతుంటే ఆయనకి ఒక సంగతి తట్టింది. చాలాకాలం కిందట దక్షిణాన ఇంకో వంపులో ఒక విలాసాల పడవ తల్లినీ పిల్లనీ తరుముతుంటే తనే ఫోటో తీసి ఈ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చారు. అప్పుడు వాళ్ళు ఫిర్యాదు రుజువైందని ఆ పడవ పర్మిట్ పీకేశారు, ఆ వంపుని అయిదేళ్ళపాటు కాపాడాల్సిన చోటుగా రాసుకుని డ్రమ్ములు వేశారు. దానికి వేరే నియమం ఉంది. బెదరగొట్టిన ఫోటో పుస్తకంలోకి చెల్లదు గానీ ఫిర్యాదుకి చెల్లుతుంది.

ఆయన లేచి లోపలికి వెళ్ళి ఈ ఫారం వద్దు, ఫిర్యాదు ఫారం ఇవ్వమన్నారు. ఎవరి మీద అని అడిగింది ఆఫీసరమ్మ.

"నా మీదేనమ్మా."

ఆవిడకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది, అర్థమయ్యాక కుదరదంది. ఎవరి మీద వాళ్ళు ఫిర్యాదు ఇచ్చుకోవడం ఎక్కడా చూడలేదంది. ఇవ్వకూడదని ఎక్కడైనా రాసుందా చూపించమన్నారు మాస్టారు. ఆవిడ నియమాల పుస్తకమంతా తిరగేసింది, రాసి లేదు. అయితే పిల్ల ఉన్నప్పుడు బెదరగొడితే పర్మిట్ పోవడం ఏడాదికో రెండేళ్ళకో కాదు, ఇంక జన్మలో ఇవ్వరని ఆవిడే చదివి వినిపించింది. మళ్ళీ చిరుగమ్మ దగ్గరికి వెళ్ళలేరు మాస్టారూ అంది.

తెలుసమ్మా, అన్నారాయన. పడవ నడిపినవాడి సంగతి ఏమిటని అడిగితే, పర్మిట్ ఎవరిదో తప్పు వాళ్ళదేనని మీ పుస్తకంలోనే ఉంది, ఆ పేజీ కూడా చదవమ్మా అన్నారు. అది కూడా నిజమే. ఇంజను వేసింది బావమరిదని ఫిర్యాదులో దాచకుండానే రాశారు, కింద బాధ్యత నాది అని రాశారు. ఫిర్యాదు ఇచ్చినవారు అన్నచోటా, ఎవరి మీద అన్నచోటా ఒకే పేరు, ఒకే సంతకం. ఆఫీసరమ్మ రెండుచోట్లా ముద్ర కొట్టింది.

అయిపోయిందనుకుని ఆవిడ ఫైలు మూయబోతే మాస్టారు ఆపి, పాత ఫారాలు నలభై ఒకటి ఉన్నాయి, వాటిలో ఆ గడి ఖాళీగా ఉంది, అవి కూడా తీయించమన్నారు. అవి వెతకాలంటే రెండు మూడు రోజులు పడుతుంది అంది ఆవిడ. పట్టనివ్వమ్మా, నాకిప్పుడు వేరే పనేముంది అన్నారు. మూడు రోజులు అదే గదిలో కూర్చుని ఒక్కొక్క ఫారంలో అవును, అవును అని రాశారు. ఆ నలభై ఒక్క ఫోటోలూ పుస్తకంలోంచి తీసేశారు. పద్దెనిమిదేళ్ళ పనిలో ఆయనకి ఇష్టమైనదంతా అదే. ఆఖరి ఫారం రాశాక పెన్ను మూత పెట్టలేక అలాగే బల్ల మీద వదిలేసి వచ్చారు, చేతులు అంతగా లాగేస్తున్నాయి.

బావమరిది నెల రోజులు మాట్లాడలేదు. నీ కోసం చేస్తే నా నోట్లో మన్ను కొట్టావు బావా అని అక్కతో చెప్పించాడు. మాస్టారు వెళ్ళి అతని ఇంటి అరుగు మీద కూర్చున్నారు. ఇద్దరూ వాతావరణం గురించి మాట్లాడుకున్నారు, పడవకి రంగు వెయ్యాలని మాట్లాడుకున్నారు. లేచేటప్పుడు బావమరిది ఆయన చెయ్యి పట్టుకుని, నువ్వొక్కసారి వద్దని చెప్పుంటే చేసేవాణ్ణా బావా అన్నాడు. చెయ్యవురా అన్నారు మాస్టారు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఈయనకీ తిరిగాయి. తర్వాత బావమరిది పడవలో సరుకులు చేరవేసుకోవడం మొదలుపెట్టాడు. ఫిర్యాదు రుజువై మాస్టారి పర్మిట్ పోయింది, డ్రమ్ములు ఉన్నచోటే ఉన్నాయి.

ఆ మీదట ఒక పొద్దున మాస్టారూ భార్యా అవతలి ఒడ్డున కళ్ళ డాక్టరు దగ్గరికి లాంచీలో బయల్దేరారు. ఆయన కుడికన్ను సరిగ్గా కనబడటం లేదు. లాంచీ కిక్కిరిసి ఉంది, ఆఫీసులకి పోయేవాళ్ళూ, కూరల బుట్టలూ. వంపు దగ్గరికి రాగానే సరంగు వేగం తగ్గించాడు, లాంచీ అడుగులో అడుగు వేసుకుంటూ నడిచింది. జనం విసుక్కున్నారు. పక్కన కూర్చున్న పెద్దమనిషి గడియారం చూసుకుని, రోజూ ఇదే చావు, ఎవడో పుణ్యాత్ముడు కంప్లయింటు పెట్టాట్ట, వాడి జిమ్మడ అని మాస్టారితో చెప్పాడు. మాస్టారు అవునవును అన్నారు.

అంతలో భార్య ఆయన మోచెయ్యి పట్టుకు లాగింది. ఆవిడ జీవితంలో ఎన్నడూ తిమింగలాన్ని చూసింది కాదు. కొండవైపు, నీళ్ళ మీద, నల్లటి వీపు, దాని పక్కన చిన్న వీపు. లాంచీ పోతూనే ఉంది, అవి తేలుతూనే ఉన్నాయి. పిల్ల ఒకసారి బద్ధకంగా పొర్లింది. కెమెరా లేని మాస్టారి చేతులు ఒళ్ళో ఊరికే పడి ఉన్నాయి. సగం చూపుతో ఆయన ఆ పెద్ద వీపునే చూస్తూ కూర్చున్నారు.

"తోక ఎత్తదేమండీ?" అంది ఆవిడ ఆశగా.

"ఎందుకెత్తుతుందే? దానికిప్పుడు భయమేం లేదుగా" అన్నారు మాస్టారు.

లాంచీ చివరి డ్రమ్ము దాటేదాకా అది తోక ఎత్తలేదు.